పిడికెడు

ఆ ఏడు కొండంతా వెదురు పూసింది.

నలభై ఎనిమిదేళ్లకోసారి ఇంతేనని
ముసలి థంగ్‌ఛుంగా వేళ్లు మడిచి చెప్పాడు.
పూత వెనక కాయ, కాయ వెనక ఎలుక,
ఎలుక వెనక ఆకలి.
మిజో కొండల్లో పుట్టినవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు.
ఏ రాత్రి, ఎవరి చేను అన్నదే తెలియదు.

మా పోడు చేను వెన్ను నిండా పాలు పోసుకుంది.
నాకు ఐదో నెల.
ఈసారి గింజ మిగిలితే రేకుల కప్పు వేయిస్తామని
థన్‌జువాలా కొడవలి నూరుకుంటూ అన్నాడు.
మర్నాడు కోత.

తెల్లారేసరికి చేను నిలబడే ఉంది.
గింజ లేదు.
ఖాళీ వెన్నులు తేలికపడి
గాలికి ఎంత బాగా ఊగాయో!

తోకకు ఇంతని ఇస్తామంది సర్కారు.
నా మొగుడు ఎలుక తోకలు దండ గుచ్చి
బస్సెక్కి పోయి, ఉప్పు పొట్లంతో తిరిగొచ్చాడు.

నమ్మినవాళ్ల పాత్ర అడుగంటదని పాస్టరు చెప్పాడు.
మా పాత్ర అడుగంటింది ప్రభువా,
నేను విన్నాను, గరిటె గీసుకున్న చప్పుడు.

మా అత్త రొఖూమి నేర్పిన పద్ధతి ఒకటుంది.
ఎసట్లో బియ్యం పోయకముందే
ఒక పిడికెడు తీసి చర్చి డబ్బాలో వెయ్యాలి,
పూటపూటకీ.
"మిగిలింది కాదే పిల్లా, మొదటిది" అనేది.
ఆ సాయంత్రం పొయ్యి మీద అడవి దుంపలు ఉడుకుతున్నాయి.
బియ్యం కుండలో చెయ్యి పెడితే గోరుకు మట్టి తగిలింది.
పిడికిలి మూసే తీశాను.
డబ్బా మీద తెరిచాను.
ఏమీ పడలేదు.

"దేవుడితో పరాచికాలా?" అన్నాడు థన్‌జువాలా.
"కాదు, లెక్క.
ఈ పూట బాకీ రాసుకోమను.
ఎవరు ఎవరికన్నది తర్వాత తేల్చుకుంటాం."
కోపంగానే అన్నాను. ఏడవలేదు.
పదకొండు రోజులు అలాగే తెరిచాను, పూటకోసారి.

శనివారం గోనెసంచితో జోనున్‌పుయి వచ్చింది,
ఇల్లిల్లూ తిరిగి పిడికెళ్లు పోగుచేసే పిల్ల.
డబ్బా అందుకుంది. తేలికని చేతికి తెలిసే ఉంటుంది.
అయినా సంచిలోకి వంచి,
అడుగున రెండుసార్లు తట్టి,
నోటు పుస్తకంలో మా పేరు పక్కన
అందరికి పెట్టినట్టే టిక్కు పెట్టింది.
నా ముఖం చూడకుండా వెళ్లింది.
ఆ చూడకపోవడానికి ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఆ నెల చర్చి బియ్యం అమ్మలేదు.
చీకటి పడ్డాక ఎవరో గడపలో మూట దించి పోయారు.
విప్పితే ఎర్రబియ్యం, తెల్లబియ్యం, నూక,
పొడుగు గింజ, పొట్టి గింజ,
ఏ ఇల్లూ ఇంకో ఇంటితో కలవని రంగులు.
అన్నం సరిగా ఉడకలేదు.
సగం జావ, సగం పలుకు.
పంటి కింద రాయి పడింది, ఎవరింటి రాయో.
నమిలి మింగినంత పనిచేశాను.

ఆ మూటలోంచీ మొదటి పిడికెడు తీశాను.
ఈసారి చప్పుడైంది.

బిడ్డ తూకానికి ఒక పిడికెడు తక్కువే పుట్టింది.
అత్త రిన్‌పుయి అని పేరు పెట్టింది.
మా మాటలో రిన్ అంటే నమ్మడం.
నేనైతే ఆనాడు ఆ పేరుకు తెగించేదాన్ని కాదు.

ఇప్పుడు దానికి పదహారేళ్లు.
రేకుల కప్పు ఇంకా వేయలేదు.
వెదురు మళ్లీ పూసేనాటికి
నేనుంటే డెబ్భై నాలుగు.

ఎందుకు పూయించావని అడుగుతూనే ఉన్నాను.
కోతకు ఒక్క రోజు ముందే ఎందుకని కూడా.
నువ్వు చెప్పలేదు.
నేను అడగడం మానలేదు, నీ ఇంటికి రావడమూ మానలేదు.

ఎసరు కాగుతోంది.
ఉండు, ముందు నీది తీస్తాను.