నూరు ఓల్టుల పెట్టె

సైదాపురంలో మా అభ్రకం ఆఫీసుకి
ఎనభై మూడు శ్రావణంలో
జపాను పెట్టె దిగింది.
మద్రాసు రేవు నుంచి లారీలో, వరిగడ్డి మధ్య,
గుడ్లగంప మాదిరి.

దానికి నూరు ఓల్టులే పడతాయంట.
మన కరెంటు నేరుగా తాగితే చచ్చిపోద్ది.
అందుకని పక్కనే ఇనప దిమ్మ ఒకటి
రాత్రీ పగలూ మూలుగుతా
మన కరెంటు పొగరు అణిచి దానికి పోసేది.

మీటల మీద ఇంగ్లీషు. ఆ పక్కనే
ఇసకలో పిట్ట నడిచినట్టు ఇంకో లిపి.
రూపాయికి మీట లేదు, వాళ్ళ యెన్నుకుంది.
దాన్నే రూపాయనుకో అన్నాడు ఓనరు శేషారెడ్డి.
అనుకున్నాను.

పేరుకి పదే గళ్ళు. మిగిలింది మింగేసేది.
తుపాకుల చెంగాళమ్మ, తుపాకుల పోలమ్మ,
ఇంకో ఇద్దరు తుపాకులోళ్ళు,
శనివారం బట్వాడాకి
నలుగురూ ఒకే మనిషి.
"ఏందబ్బయా, మీ పెట్టెకి గొంతు సన్నమా?" అంది చెంగాళమ్మ,
నాలుగు చీటీలూ తిప్పి తిప్పి చూసి.
ఆమెకి చదువు రాదు. అన్నీ ఒకటేనని మాత్రం తెలిసింది.

కార్తీకం గాలివానకి దిమ్మ కాలింది.
మద్రాసు మెకానిక్కు పెట్టె మూత విప్పాడు.
లోపల బొత్తాం లాంటి ముక్క కింద
గాజుపొర ఒకటి, ఉందా లేదా అన్నట్టు.

కూలికొచ్చిన చెంగాళమ్మ వంగి
గోటితో లేపింది.
కిటికీ వైపు పట్టింది.
ఊది, పైటతో తుడిచింది.
"రెండు మిల్లులు. చేత్తో విప్పిన పొర ఇది."
మనదేనా అన్నాను.
"కాకిబంగారానికి ఊరి పేరు రాసుంటదా?"
అంటూనే ఇంకోసారి వెలుతురుకి పెట్టింది.

వేడిని పోనిస్తది, కరెంటుని ఆపుతది,
అదీ దీని పని, అని మెకానిక్కు చెప్పబోయాడు.
ఆమె వినలేదు.
"మాకు కేజీకింతని ఇస్తిరి.
ఈ ఒక్క రేకుకి వాళ్ళెంత కట్టుంటారు?"

లెక్క చెప్పాల్సిన పెట్టె
నోరు తెరుచుకుని బల్ల మీద ఉంది.
శేషారెడ్డి గొడుగు దులుపుకుంటున్నాడు.

ఆ శనివారం బట్వాడా
పాత రిజిస్టరులో చేత్తో రాశాను.
తుపాకుల చెంగాళమ్మ.
గీత దాటి
పక్కగడిలోకి పోయింది పేరు.
కొట్టెయ్యలేదు.