తొలికోడి, ఒకటో పేజీ

మట్టెవాడల మా ప్రింటింగ్ ప్రెస్‌కు
హైదరాబాద్ నుంచి ఒక పిలగాడొచ్చిండు.
సీరియల్‌కు పేపర్ గావాలె, ఒక్కటే పేజీ,
పేరు తొలికోడి.
పెద్దక్షరాలల్ల: కారు ప్రమాదంలో మేఘమాల మృతి.
"నిజంగ చావదన్నా, రెండు వందల ఎపిసోడ్లయినంక వస్తది"
చెవుల జెప్పిండు, బ్రహ్మరహస్యం లెక్క.

కింద ఏం రాయాలె?
"ఏమన్న రాయి. కెమెరా చదువది."

పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, సంవత్సరీకం కార్డులు
ఇరవై రెండేండ్లు ఇంకొకల మాటలు కొట్టిన ఏళ్ళు నావి.
ఏమన్న రాయుమంటె
కీబోర్డు మీద ఆగినయి
చెక్‌పోస్టు కాడి లారీల లెక్క.

తర్వాత రాసిన.
రెండో కాలమ్ల, మా గల్లీ నల్లా
పదకొండు దినాల సంది ఉత్త గాలి దగ్గుతున్నదని.
మూడో కాలమ్ల, మిల్లు సైరన్ ఆగి ఎన్నేండ్లయినా
మా నాయిన పొద్దుగాల ఆరింటికే టిఫిన్ డబ్బ కడుగుతడని.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి కాంటా కాడ
తుమ్ముకుంట తూకం మరిచిన రైతు మీద నాలుగు లైన్లు.
ఇంక రెండించుల జాగ మిగిలింది.
తప్పిపోయింది: నల్లమేక, ఎడమ చెవు తెలుపు,
పిలిస్తె పలుకది.
ఫోన్ నంబర్ కాడ చెయ్యి అలవాటుగ
ప్రెస్ నంబరే కొట్టింది.

మంగళారం రాత్రి ఏడున్నరకు
మేఘమాల అత్త పేపర్ విప్పింది.
చెంబు కిందవడ్డది.
మూడు దిక్కుల నుంచి మూడుసార్లు ఉరిమింది.
నా అక్షరాలు చీమల బారు లెక్క కనిపించి పోయినయి,
మా నాయిన అద్దాలు తుడుచుకునేలోపట
సబ్బు అడ్వర్టయిజ్‌మెంట్.

నల్లా సంగతి ఎవలూ అడుగలే.
డబ్బ సంగతీ అడుగలే.
నాలుగో దినం, పరకాల అవుతల నుంచి ఒక ముసలి గొంతు:
"ఎలిశాల మొగిలిని మాట్లాడుతున్న.
మా మనుమడు సెల్లుల ఆపి, పెద్దగ జేసి సదివిండు.
నీ మేక మా దొడ్డిల ఉన్నది బిడ్డా.
ఎడమ చెవు తెల్లగనే ఉన్నది.
పిలిచి సూసిన. పలుకలే."

నేను ఏ మేకనూ పోగొట్టుకోలే.
ఆ మాట నాలిక కొసదాక వచ్చి
మళ్ళ లోపటికి పోయింది.
"ఏమన్న తింటున్నదా?" అని అడిగిన.

పరకాల నుంచి వచ్చే బస్సుల
నా మోకాళ్ళ నడుమ మేక.
కండక్టర్ మిషన్ పట్టుకొని నిలబడ్డడు,
"ఎవలిదిది?"
బస్సంత నా దిక్కు జూసింది.
"పేపర్ల పడ్డది" అన్న.

ఇంకేం అడుగలే.
అర టికెట్ కొట్టిండు.