ఎడమ చెవి

ఎనిమిదింటికి లైన్లు తెరుస్తారు.
ఏడూ యాభై ఎనిమిదికే రెయినో
వంటింటి గోడ ఫోను కింద కుర్చీ వేసుక్కూర్చుంటాడు,
గడ్డం గీసుకుని, చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుని,
అవతలివాళ్లు చూస్తారన్నట్టు.

బయట సుపీరియర్ సరస్సు మీంచి
మంచు అడ్డంగా కొడుతోంది.
పోస్టు డబ్బా దాకా నిన్న తవ్విన దారి
ఇవాళ లేదు.

ఒకటి నొక్కమంటుంది. నొక్కుతాను.
మూడు నొక్కమంటుంది. నొక్కుతాను.
అర్జీ నంబరు చెప్పి చివర గీత గుర్తు నొక్కమంటుంది.
ఆ గొంతుకి అలుపు లేదు, ఆవలింత లేదు.
మనిషి కాదు కనక తిట్టినా పాపం లేదు.
అయినా నేనెప్పుడూ తిట్టలేదు,
ఒక్క మంగళవారం తప్ప.

తర్వాత పియానో.

రెయినో స్పీకరు మీద అరచెయ్యి ఆనిస్తాడు,
ఆవు డొక్క మీద చెయ్యేసి దూడ కదలిక చూసినట్టు.
"వస్తోందా?"
"వస్తోంది."
"అదేనా?"
"అదే."
పదకొండు నెలలుగా అదే.
నలభై నిమిషాలకోసారి మధ్యలో తెగి
మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది.

ఇరవయ్యేళ్ల వయసులో
ఫిరంగి తాడు లాగే పని ఆయనది.
చెవుల్లో సిగరెట్ ఫిల్టర్లు కుక్కుకునేవాళ్లట.
ఎడమ చెవి గొట్టం వైపుండేది.
అది ముందు పోయింది, కుడిది తోడు వెళ్లింది.
పెళ్లిలో పాస్టరు అడిగిన మాటకి
నేను మోచేత్తో పొడిచాకే "అవును" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టంటారు.
ఇక్కడ ఊదుతున్నది చెవిటివాడే.
ఆ కొసన ఎన్ని వందల చెవులో,
ఒక్కరూ చెవిన పెట్టరు.

గంటా పది నిమిషాలకి ఒక మనిషి.
మార్వెల్లా అట పేరు. వెనకాల ఎక్కడో కుక్క మొరుగుతోంది.
"వివరాలు సైనికుడికే చెప్పాలి మేడమ్."
"ఆయనకి వినపడదమ్మా. అర్జీ పెట్టిందే దానికి."
"అర్థమైంది మేడమ్. కానీ నిబంధన."

కరెంటు బిల్లు కవరు వెనక
పెన్సిలుతో రాస్తాను: పుట్టినరోజు?
"మార్చి పద్నాలుగు, నలభై ఎనిమిది!"
గిన్నెలు మోగేలా అరుస్తాడు.
ఆమె తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది.
ఏ దళం, ఏ సంవత్సరం, ఏ ఊళ్లో డాక్టరు.
నేనింకా మొదటి అక్షరం దగ్గరున్నాను.
ఆయన మళ్లీ: "మార్చి పద్నాలుగు!"

అప్పుడామె గొంతు పెంచింది.
కసిరినట్టు కాదు,
గాలిలో దూరంగా ఉన్నవాణ్ణి పిలిచినట్టు:
"మిస్టర్ లాహ్తీ! నా మాట వినపడుతోందా?"

నా మొహం చూశాడు. ఏదో అడిగారని పట్టాడు.
మర్యాదస్తుడు, ఎవర్నీ నొప్పించడు,
చర్చిలో, కిరాణా కొట్లో, కొడుకు పెళ్లిలో
యాభై ఏళ్లుగా చేస్తున్నదే చేశాడు.
నవ్వి, తలూపి,
"వినపడుతోందమ్మా! గంట కొట్టినట్టు వినపడుతోంది!"

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.
ఈ కాల్ రికార్డు చేయబడుతోందని
మొదట్లోనే చెప్పారు కదా.
అవతల టకటకమని మీటలు.
"ఏం రాస్తున్నావమ్మా?"

మీటలు ఆగాయి.
కుక్క కూడా ఆగింది.
"ఏం లేదు మేడమ్. కాఫీ ఒలికింది.
తుడుస్తున్నాను."

ఇంకాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

"ఏమంది?" అన్నాడు రెయినో.
కవరు మీద చోటు లేదు.
అంచున, బిల్లు గడువు తేదీ పక్కన రాశాను:
ఇంకో తొంభై రోజులు.
కళ్లజోడు పైకి తోసి రెండుసార్లు చదివాడు.
మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు.

పార తీసుకుని
పోస్టు డబ్బా వైపు బయల్దేరాడు.