తాళం లేని సామాను తీసుకోబడదు

తిరుపతి స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం.
క్లోక్‌రూము కిటికీ వెనక కూర్చునేది నేనే.
నా నెత్తిమీద బోర్డు:
తాళం లేని సామాను తీసుకోబడదు.

బోర్డు తాళం అంటుంది. మేం బీగం అంటాం.
పన్నెండేళ్లుగా ఒకటే మాట చెప్తా ఉండాను.
"బీగం ఏదమ్మా?"
"రెండు చీరలు, పులిహోర డబ్బా. దానికి బీగమా?"
"లోపల ఏముంటే నాకెందుకు? వేసుకోని రా."
ఎదురంగడిలో ముప్పై రూపాయలు పెట్టి కొంటారు.
నన్ను తిట్టుకుంటా వేస్తారు.
రెండుసార్లు లాగి చూసి
తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటారు.

ఆ తర్వాత
గోడకానుకోని చతికిలబడి
ఫోను తీస్తారు.

రాత్రి రెండున్నరకు గాల్లో పేర్లు మొలుస్తాయి.
రైల్వేది ఒకటి, లాడ్జీలవి నాలుగు.
టీకొట్టాయన తన కూతురి పేరు పెట్టుకున్నది ఇంకొకటి,
దాని పక్కన బుల్లి బీగం బొమ్మ.
అన్నిటికన్నా పైన
"ఉచిత దర్శనం".
దానికి బీగం లేదు.

ఉచితమంటే ఈ ఊళ్లో ఎవురికి అనుమానం?
అన్నం ఉచితం, మజ్జిగ ఉచితం,
గుండు గీసినా ఉచితమే.

పలమనేరు నుంచి వచ్చినాయన,
టమోటా డబ్బులు పడినాయో లేదో చూసుకోవాల.
పేజీ పేరడిగింది. కొట్టినాడు.
పుట్టిన తేదీ అడిగింది. గుర్తు లేక
కార్డు తీసి, కళ్లకాడికి పెట్టుకోని కొట్టినాడు.
ఆధార్ అడిగింది.
పన్నెండంకెలూ ఎక్కం చదివినట్టు
పైకి చదువుకుంటా కొట్టినాడు.
పూజారి అడిగితే గోత్రం కూడా తడుముకునే మనిషి.

మా గంగజాతరలో వేషాలేస్తారు.
నాముకొమ్ము పూసుకుంటే బైరాగి,
బొగ్గు పూసుకుంటే తోటి.
వేషమని చంటిబిడ్డకీ తెలుసు.
ఆ తల్లి వేషమేసింది పాలెగాణ్ణి పట్టడానికి.
ఈడ పాలెగాడే
తల్లి వేషమేస్తాడు.

నాకెట్టా తెలుసంటారా?
రెండేళ్ల కిందట, చిత్తూరు బస్టాండు.
బస్టాండు పేరే పెట్టుకోనుంది అదీ.
చీటీ డబ్బు కట్టినాను, బస్సెక్కినాను,
పూతలపట్టు దాటేలోపల
పదకొండు వేల నాలుగొందలు.
"మీరే చెప్పుంటారమ్మా" అన్నాడు బ్యాంకాయన.
నేనెవురికీ చెప్పలేదు.
బెంచీ మీద కూర్చున్నాను, అంతే.

పైగా ఫోనుది పసిపిల్ల గుణం.
ఎప్పుడో ఒకసారి కలిసిన పేర్లన్నీ
దారి పొడుగునా పిలుచుకుంటా పోతుంది.
ఎవుడో ఒకడు "నేనే" అంటే చాలు,
చేయి పట్టుకోని వెంటబోతుంది.
దాంట్లో "మర్చిపో" అని ఒక మీటుంది.
మేనల్లుడు చూపిస్తే నొక్కినాను.
అది మర్చిపోయింది.

పలమనేరాయన బ్యాంకు పేజీ తెరుస్తా ఉండాడు.
కిటికీలోంచి అరిచినాను.
"ఓ చెంగల్రాయులన్నా!"
ఉలిక్కిపడినాడు.
"పుట్టింది అరవై ఎనిమిది, జూన్ ఒకటి.
ఆధార్ చివర డెబ్భై ఒకటి, సున్నా ఆరు.
అవునా?"
లేచొచ్చినాడు. మొహంలో నెత్తురు లేదు.
"నీకెవురు చెప్పినారు?"
"నువ్వే. నేనంటే కిటికీ వెనక కనబడతా ఉండాను.
కనబడనోడు ఎంత విన్నాడో నాకేం తెలుసు?"

ఆపించినాను. మర్చిపోమని నొక్కించినాను.
డబ్బు సంగతి నీ సొంత డేటాలో చూసుకో అన్నాను,
లేదంటే ఇంటికి పోయి చూసుకో,
టమోటాలు ఎట్టాగూ అమ్ముడుపోయినాయి గదా.
తెల్లారగానే బ్యాంకుకు ఫోన్ చెయ్యమన్నాను.
అన్నిటికీ తలూపి, చివరికి అడిగినాడు:
"దీనికి బీగం యాడ అమ్ముతారు పాపా?"

ఎదురంగడి వైపు చూసినాను.
వరసగా వేలాడతా ఉండాయి, ముప్పైవి, యాభైవి.

బస్సు టయానికి దాకా
ఫోనును తువ్వాల్లో చుట్టి
సంకలో పెట్టుకోని కూర్చున్నాడు.
నాకు నవ్వు రాలేదు.
మూడో నంబరుకు ఏదో రైలొచ్చింది.
జనం దిగతా ఉండారు, సంచులు, పిల్లకాయలు,
చేతుల్లో వెలుగుతా ఫోన్లు.
నాది తీసి చూసినాను.
"ఉచిత దర్శనం",
నిండుగా నాలుగు గీతలు.