గంటెల చుక్క

ఫాంగ్ డబ్బాలు షెన్ వ్యానుల ఎక్కించినందుకు
యాభై దిర్హాములు కోసిండ్రు.
అజ్మాన్ల పెండ్లి హాలుకు దీపాల గుత్తులు పోవాలె,
టేపు చుట్టలు పోయినై.
దుబాయి డ్రాగన్ మార్టు ఎనుక గోదాము,
మూడు దుకాణాలకు ఒకటే.
అన్ని డబ్బాల మీదా ఒకే నల్ల మార్కరు,
ఒకే తీరు గీతలు. నాకేం తెలుస్తది?

"కూసో," అన్నది చోవ్ అక్క, లెక్కలు రాసేటామె.
ఆమె హిందీ నా హిందీ లాంటిదే, కుంటుకుంట నడుస్తది.
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుకుంట
బిల్లు ఎనుక రాసింది: 的
"ద. ఎవరిదో చెప్పేది ఇదే.
ముందు పేరు ఉంటది, దాని ఎంబడి ఇది."

ఎడమ దిక్కుది తెలుపట.
డబ్బా తీరు ఉంటది, నడుమ ఒక అర,
నెత్తి మీద చిన్న గీత.
మన తలకట్టే, గాలికి ఓ దిక్కు ఒరిగింది.
కుడి దిక్కు గంటె. గంటెల ఒక చుక్క.
ఎనిమిది గీతలు, వాటికి ఒక వరుస.
గంటె ముందుగాల గీస్తే
నా ఏళ్ల మీద పెన్నుతోని కొట్టింది.

పలక మీద సున్నాలు సుట్టి సుట్టి అలవాటైన చెయ్యి,
మూల కాడికి వచ్చినా మలుగుతది, విరగదు.
నా తెలుపు కోడిగుడ్డు లెక్క వచ్చింది.
"ఉబ్బింది," అన్నది అక్క.
"మూల. మూల. మీ దిక్కు గోడలకు మూలలుండవా?"

పదకొండు రోజులు.
డబ్బాల మీది దుమ్ముల, ఏలితోని.
ఆగస్టు పొద్దుగాల రూము అద్దానికి బయట చెమట పడితే
బాల్కనీల నిలబడి అద్దం నిండ.
లోపల పండుకున్న తవిటినాయుడు లేచి చూసి
"ఏటిది గంగన్నా, తాయెత్తేటి?" అన్నడు.
లోపలికెల్లి వానికి తిరగబడి కనవడ్డది,
గంటె ముందు, తెలుపు ఎనుక.

మా అవ్వ బీడీలు చేసేటప్పుడు
కట్టకు ఎర్రదారం ఒక పోగు ఎక్కువ సుట్టేది.
కార్ఖానల ఊరందరి గంపలు కలిసినా
"గది నాది" అని దూరంకెల్లే ఏలు సూపెట్టేది.
గా పోగే ఇది.

ఇప్పుడు డబ్బాలు తప్పు పోతలేవు.
ఫాంగ్ ద. షెన్ ద.
ఆశ పుట్టింది. "మరి నాది అనాలంటే?"
"వొ ద."
చెప్పులు, వొ ద.
మంచం, వొ ద. పై మంచం, పద్నాలుగో నంబరు, నెలకు ఆరువందలు.
పాస్‌పోర్టు, వొ ద.
రాసినంక చూసుకున్న:
కాయితం మీద నాది, బీరువల వాళ్లది.
అక్క గింజ కొరుకుడు ఆపింది. ఏమనలే.

అవ్వ?
"ద వద్దు," అన్నది. "వొ మా. అంతే.
దగ్గరోళ్ల నడుమ దాన్ని తేరు."
మా.
వాళ్ల మా అంటే అవ్వ.
మన మా అంటే,
ఒక్కగానొక్క కొడుకు పిలిచినా
అవ్వను పదిమందికి పంచే మాట.
ఈ రెండు మాలకు చుట్టరికం లేదు, మొఖం తెల్వది.
రాత్రి పదకొండుకు ఒక గోదాముల
నా నోట్లె ఎదురుపడ్డయి.

"మరి కంపెనీ?"
"దానికీ ద వద్దు."
అవ్వకూ కంపెనీకీ ఒకటే లెక్క!
నేను నవ్విన. అక్క నవ్వలే, జరసేపటికి నవ్వింది.
పొట్టు ఎగిరి బిల్లు మీద వడ్డది.

మొన్న ఓడల దిగిన సరుకుల ఒక డబ్బా,
ఉప్పునీళ్లు తాకి పేరు కరిగిపోయింది.
తెలుపు మిగిలింది, గంటె మిగిలింది, చుక్కతోని సహా.
ఫాంగ్ మనిషి మాది కాదన్నడు.
షెన్ మనిషి తిప్పి తిప్పి చూసి మాదీ కాదన్నడు.
గోడ మూలకు పెట్టిన.
మధ్యాహ్నం పూట దాని మీద కూసోనే
బువ్వ తింటున్న.