వగరు

మొగామి నది ఒడ్డున
కోటగోడలు కూల్చి రాళ్ళు అమ్ముకుంటున్న రోజుల్లో
మురోకి తొషిహరుకు పన్నెండేళ్ళు.
తండ్రి జుట్టుముడి కత్తిరించుకుని వస్తే
తల్లి దాన్ని తెల్లకాగితంలో చుట్టి
పూర్వీకుల అరలో పెట్టింది.
కవచాన్ని పాతసామాన్ల వర్తకుడు
చేపల్లా తూకం వేసి పట్టుకుపోయాడు.

పొయ్యి రాజని రోజున
తండ్రి పొద్దున్నే వాకిట్లో నిలబడేవాడు
పళ్ళ సందున వెదురుపుల్లతో,
కడుపారా తిన్నవాడిలా.
మనవాళ్ళయితే మీసాలకు సంపెంగనూనె అని నవ్వేవాళ్ళు.
ఆ వీధిలో ఎవరూ నవ్వలేదు.
ప్రతి వాకిట్లోనూ ఒక పుల్ల ఉంది.

ఆకలి అనకు. చలి అనకు.
చెప్పిన మాట రెండోసారి చెప్పకు.
అబద్ధమాడిన నాలుక తుప్పు పట్టిన కత్తి,
ఒరలోంచి రాదు, వచ్చినా తెగదు.
పిల్లవాడు ఇవన్నీ మింగాడు, అన్నానికి బదులు.
కొన్ని అరిగాయి.
కొన్ని అలాగే ఉండిపోయాయి.

తర్వాతి ముప్పై ఏళ్ళు తొందరగా చెప్పేయొచ్చు:
సైనిక పాఠశాల, బూట్లు కరిచిన పుళ్ళు,
తాతగారి కత్తికి కొత్త పద్ధతి పిడి,
పెళ్ళి, ఒక కూతురు, భుజం మీద ఒక్కో నక్షత్రం.
సైనికులు తిన్నాకే తినేవాడు.
వాళ్ళకి లేని కుంపటి తన గుడారంలోనూ వద్దన్నాడు.
కాపలా కుర్రాడు నిద్రపోతే
తన కోటు తీసి కప్పి,
తెల్లారాక శిక్ష వేశాడు.
అందుకే ఆయన చెయ్యెత్తితే
మంచూరియాలో ఆ బోడిగుట్ట మీదికి
మూడుసార్లు ఎక్కారు.
మూడోసారి ఎక్కడానికి నేల కనబడలేదు.

గుట్ట దొరికింది.
ఆ రాత్రి నుంచి ఉత్తరాలు.
గుమాస్తా రాస్తానన్నా ఇవ్వలేదు.
తన చేత్తోనే సిరా నూరి, కుంచె తడిపి
రెండు వందల పదహారు ఇళ్ళకు:
"మీ అబ్బాయి నవ్వుతూ ప్రాణమిచ్చాడు."
కుంచె ఒక్కసారీ వణకలేదు.

పదవి దిగాక, ప్రతి శరత్తులోనూ
కాలినడకన ఆ ఇళ్ళకు వెళ్ళేవాడు, ఏడాదికి కొన్ని.
గడప దగ్గర నుదురు నేలకానించి,
ధూపం వెలిగించి, లేచిపోయేవాడు.

ఒతసె ఇంటికి వెళ్ళేసరికి
ఆమె చూరు కింద కూర్చుని పండ్లు చెక్కుతోంది.
మన భాషలో కాకి పిండం ముట్టే పక్షి.
వాళ్ళ భాషలో కాకి, ఆకులన్నీ రాలాక
కొమ్మకు మిగిలే ఎర్రని పండు.
పచ్చిది కొరికితే నాలుక మడతపడే వగరు.
తొక్క తీసి, తాడుకు కట్టి,
నలభై రోజులు గాలికి వదిలేస్తే తీపి.

ఆమె లేవలేదు.
"నాకు చదువు రాదు దొరా.
మీ ఉత్తరం మఠంలో సన్యాసి చదివిపెట్టాడు,
మా కిసుకె నవ్వుతూ పోయాడని."
కత్తి పండు చుట్టూ తిరుగుతోంది, తొక్క తెగకుండా.
"ఏటి అవతల మంగలి కొడుకూ నవ్వాడట.
మిల్లు దగ్గర కవలలూ నవ్వారట.
మావాడికి చీకటంటేనే భయం.
అందరూ నవ్వారా?"

పొయ్యి రాజని రోజుల పుల్ల
నలభై ఏళ్ళ తర్వాత
ఆయన పంటి కింద విరిగింది.

దుర్భిణిలోంచి ముఖాలు కనబడవు.
కొండెక్కేవాళ్ళకు ముఖాలుండవు.
"అమ్మా, నేను చూడలేదు" అన్నాడు.
"వీపులే చూశాను."
రెండోసారి చెప్పలేదు.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ఇంకో కత్తి, చిన్నది, పిడి అరిగినది,
చాపమీద ఆయన వైపు జరిపింది.
గంపలో ఇంకా సగం పండ్లున్నాయి.

ఎన్నో కత్తుల బరువు తెలిసిన చెయ్యి
తొక్కను మూడుచోట్ల తెంపింది.
"పలచగా," అంది ఒతసె.
"కండ పోతోంది."