పద్నాలుగో గదిలో మట్టి

బడ్జెట్ కోతలో మిస్టర్ హాల్వర్సన్ వెళ్ళిపోయాక
ఆయన వ్యాకరణం వచ్చి నా నెత్తిన పడింది.
ఆరో తరగతికి ఇప్పుడు భాషా నేనే, ప్రాచీన చరిత్రా నేనే.
తొంభై నిమిషాలు, ఒక్క గది, ముప్పై ఒక్క మంది.
కిటికీ అవతల యాకిమా లోయ,
ఆపిల్ పూత గడ్డకట్టకుండా రాత్రంతా తిరిగి
అలిసి ఆగిన తోటల ఫ్యాన్లు.

సోమవారం క్రియాపదాలు చెప్పాలి. సుమేరూ చెప్పాలి.
తలా ఒక మట్టిముద్ద పంచి
ఐస్‌క్రీం పుల్లలు చేతికిచ్చాను.
"మనిషి మొట్టమొదట ఏం రాసుంటాడు?"
దేవుడి పేరు, అంది బ్రిన్లీ.
ప్రేమలేఖ, అంది వెనక బెంచీ.
బూతు, అన్నాడు కోల్టన్, నిజాయితీగా.

బొమ్మ చూపించాను. పలక నిండా గాట్లు:
బార్లీ ఇన్ని కొలతలు. గొర్రెలు ఇన్ని. ఒక పేరు.
అంతే.
"మరి క్రియ ఏది మిస్?"
క్రియ లేనిదే వాక్యం లేదని
అరగంట కిందట బోర్డు మీద రాసింది నేనే,
కింద రెండు గీతలు కూడా గీసి.

మూడో వరసలో యరేలి.
మిచోకాన్ నుంచి వచ్చి ఏడు నెలలు.
ఇంట్లో పురెపెచా, బస్సులో స్పానిష్,
నా క్లాసులో మౌనం.
పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న అట్టముక్క తీసింది,
పోయిన కోతల నాటి వాళ్ళమ్మ కార్డు.
పైన పేరు. పెట్టెకొక చిల్లు.
"ఇదే కదా," అంది.
నాతో ఆమె అన్న మొదటి మాట.

ఆమె పలక మీద ఇరవైరెండు గాట్లు.
కింద పుల్ల కొసతో, గీరీ గీరనట్టు:
అమ్మ అలిసింది.
మార్కు భాష గడిలో వెయ్యాలా, చరిత్ర గడిలోనా?
పెన్సిల్ కొరుకుతూ కూర్చున్నాను.

గురువారం బెల్లుకు ముందే వచ్చింది.
లెక్క తప్పట. ఇరవైమూడట.
మేస్త్రీ ఒక పెట్టెకు చిల్లు కొట్టలేదని
అమ్మకి ఇప్పటికీ గుర్తట.
పలక ఎండిపోయింది. నా ఎర్ర పెన్ను మట్టి మీద సాగదు.
సింకు దగ్గర నిలబడి స్పాంజితో తడిపాం ఇద్దరం, ఓపిగ్గా.
గాట్లు లోతుగా దిగినవి, కదల్లేదు.
క్రియే ముందు కరిగింది.

ఇరవైమూడోది బొటనవేలి గోటితో నొక్కింది.
"మరి కింద రాసింది?" అన్నాను.
చోటు చాల్లేదంది,
చేతులు గౌనుకి తుడుచుకుంటూ.